10 గంటలు చదవని రోజు అన్నం తినబుద్ధి కావడం లేదు

నాకు 28 ఏళ్లు. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాను. రోజూ ఎన్ని గంటలు చదివానో నోటుపుస్తకంలో రాసుకుంటాను. 10 గంటలు దాటితే మనసు తేలికగా ఉంటుంది. తగ్గితే ఎందుకూ పనికిరాననిపిస్తుంది. ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నా ‘తినే అర్హత నాకెక్కడిది’ అనుకుని లేచిపోతున్నాను. అమ్మ ఫోను చేసినా ఎత్తడం లేదు. నన్ను నేను తిట్టుకోకపోతే బద్ధకం పెరుగుతుందేమోనని భయం. ఇది జబ్బా? ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో ‘తినే అర్హత’ అన్న మాట దగ్గర నాకు మనసు కలుక్కుమంది. అన్నానికి అర్హత పరీక్ష ఉండదమ్మా. ఎన్ని గంటలు చదివినా, అసలు చదవకపోయినా, వేళకు భోజనం చేయండి. వైద్యుడిగా నా మొదటి సలహా ఇదే. ఆకలితో పడుకుంటే నిద్ర సరిగా పట్టదు. నిద్ర చెడితే పగలు చదివింది మెదడులో నిలవదు. మర్నాడు పుస్తకం ముందు కూర్చున్నా పేజీలు తిరుగుతాయే తప్ప విషయం బుర్రకెక్కదు. మళ్లీ గంటలు తగ్గుతాయి, మళ్లీ పస్తు. మీరు బద్ధకం అనుకుంటున్నదానిలో కొంత భాగం ఈ నీరసమే కావచ్చు.

తిట్టుకుంటేనే పని జరుగుతుందన్న నమ్మకం మనకు బడి రోజుల నుంచి అలవాటైనదే. అయితే 2010లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఇందుకు భిన్నమైన సంగతి చెప్పింది. మొదటి పరీక్షకు ముందు చదువు వాయిదా వేసిన విద్యార్థుల్లో, అందుకు తమను తాము క్షమించుకున్నవారు రెండో పరీక్షకు వచ్చేసరికి తక్కువగా వాయిదా వేశారు. పుస్తకం చూడగానే తిట్లు గుర్తుకొస్తుంటే మనసు ఆ పుస్తకం నుంచే తప్పించుకు తిరుగుతుంది మరి. క్షమించుకోవడమంటే తప్పును కప్పిపుచ్చుకోమని కాదు. ‘మధ్యాహ్నం మూడు గంటలు ఫోనులో పోయాయి, రేపు ఫోను గదిలో పెట్టి లైబ్రరీకి వెళ్తాను’ అనుకుని అక్కడితో ఆగిపోండి.

నోటుపుస్తకాన్ని పారేయమని చెప్పను. ‘ఈ రోజు 6 గంటలు’ అన్నది లెక్క, ‘నేను పనికిరాను’ అన్నది తీర్పు. ఆ లెక్కలో నుంచి ఈ తీర్పు ఎలా వచ్చిందో ఒక్కసారి నిలదీసి చూడండి. ఆ రోజు జ్వరం ఉందేమో, నెలసరి నొప్పి ఉందేమో, ఇంటి నుంచి ఏదైనా కబురు వచ్చిందేమో పుస్తకంలో ఎక్కడా లేదు. గంటల పక్కన ఇంకో గడి గీయండి. చదివిన అధ్యాయం మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాసి, ఏ అంశం వచ్చిందో అందులో నమోదు చేయండి. రాజ్యాంగంలోని 32వ, 226వ అధికరణల మధ్య తేడాను చూడకుండా నాలుగు వాక్యాల్లో రాయగలిగితే ఆ పూట చదువు సాగినట్టే. అది గంటలో వచ్చిందా, మూడు గంటలు పట్టిందా అన్నది తర్వాతి మాట.

ఉద్యోగం రాకపోవడాన్ని కూడా మీ ఖాతాలోనే వేసుకుంటున్నట్టున్నారు. 2022 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చినప్పుడు పోస్టులు 783, దరఖాస్తులు అయిదు లక్షలకు పైనే. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. మీరూ ఆ రెండేళ్లు ఎదురుచూసే ఉంటారు. ఆ వాయిదాల్లో మీ తప్పు ఏముంది?

ఆత్మగౌరవాన్ని అంచనా వేయడానికి అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో రూపొందించిన 10 వాక్యాల ప్రశ్నావళిని మేము ఇప్పటికీ వాడుతుంటాం. ఇతరులతో సమానంగా నాకూ విలువ ఉందనిపిస్తోందా అని అందులో ఉంటుంది. రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారని ఒక్క వాక్యమూ అడగదు.

ఇక, ఇది జబ్బా అన్న ప్రశ్న. తనను తాను తక్కువ చేసుకోవడం ఒక్కటే జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, ప్రతిదానికీ నాదే తప్పనిపించడం కలిసి కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. మీరు ఇప్పటికే భోజనం మానేస్తున్నారు, అమ్మకు దూరమవుతున్నారు కనుక ఒకసారి మానసిక వైద్యులను కలవడమే మంచిది. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ ఈ విభాగాలున్నాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలూ చేయించుకోండి. వీటిలో తేడా ఉన్నా ఇలాగే నీరసం, ఏకాగ్రత లోపం వస్తాయి. బతకడం దండగ అన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఈ రాత్రి అమ్మ ఫోను ఎత్తండి. చదువు ఎలా సాగుతోందని అడిగితే ‘ఈ రోజు సాగలేదమ్మా’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమె బహుశా ముందు ‘తిన్నావా’ అనే అడుగుతుంది. కంచం ముందు పెట్టుకుని మాట్లాడండి.