కోటలో చర్చి చరిత్ర రాయబోయే ముందు

చి॥ కరుణకు,

పెదనాన్న ఆశీస్సులు. చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి మీద ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మన దేశంలో ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం) చర్చిలుగా కట్టి ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అదే పాతది. దాని గురించి చెప్పుకునే కథలు మాత్రం కొల్లలు. నువ్వు కథలతో కాకుండా గోడలతో మొదలుపెట్టు.

ముందు లోపలికి వెళ్లే సంగతి. కోటలోనే తమిళనాడు సచివాలయం, శాసనసభ, సైన్యం ఆఫీసులు ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర గట్టిగా తనిఖీ చేస్తారు. గుర్తింపు కార్డు అసలుది, కాలేజీ లెటరు దగ్గర ఉంచుకో. కొలతలకు, ఫొటోలకు చర్చి అయ్యగారి అనుమతి ముందే అడుగు. ఆదివారం ఆరాధన వేళ టేపు పట్టుకుని తిరగడం మర్యాద కాదు. పక్కనే ఉన్న ఫోర్ట్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకు.

లోపల అడుగు పెట్టగానే తల పైకెత్తి కప్పు చూడు. ఈ కట్టడం గుట్టంతా అక్కడే ఉంది. దూలాలు లేవు, వాసాలు లేవు. పక్కపక్కనే మూడు పొడవాటి ఇటుక కమానులు, మధ్యది వెడల్పు, అటూ ఇటూ ఒక్కోటి. కప్పు మందం దాదాపు 2 అడుగులు, బయటి గోడలు 4 అడుగులు. తలుపులు కిటికీలకు తప్ప కట్టడానికి కలప వాడలేదు. సముద్రం పక్కన, శత్రువుల ఫిరంగులకు అందే చోట కడుతున్నారు కనుక గుండు పడ్డా, తుఫాను కొట్టినా, నిప్పంటుకున్నా, చెదలు పట్టినా చెక్కుచెదరకూడదనుకున్నారు.

ఇలాంటి కమాను తన బరువును కిందికే కాదు, పక్కలకూ నెడుతుంది, అదీ పొడవునా. మధ్య కమాను తోపుడును పక్క కమానులు ఆపుకుంటాయి, వాటి తోపుడును మందపాటి బయటి గోడలు ఆపుతాయి. గోడల మందానికి శత్రుభయం ఒక్కటే కారణమని రాస్తే సగమే చెప్పినట్టు. ఈ సంగతి నీ వ్యాసంలో అడ్డుకోత బొమ్మగా రావాలి. మాటలతో చెబితే ఎవరికీ అర్థం కాదు.

కొలిచేటప్పుడు ఇద్దరు ఉండాలి. 30 మీటర్ల టేపు, ఎత్తులకు లేజర్ మీటరు, గళ్ల కాగితం చాలు. పొడవు కొలతలన్నీ ఒకే మూల నుంచి వరుసగా చదువు. ముక్కలు ముక్కలుగా కొలిచి కలిపితే ఒక్కో ముక్కలో అర అంగుళం తేడా చివరికి అరడుగు దాకా పోతుంది. హాలు మూలమట్టంగా ఉందో లేదో రెండు కర్ణాలూ కొలిస్తే తేలుతుంది. గోడ మందం కిటికీ గూట్లో కొలువు, గార మందం విడిగా రాసుకో. కమాను మొదలయ్యే గీత నుంచి నడినెత్తి దాకా ఎత్తు, వెడల్పులో సరిగ్గా సగం ఉంటే అది అర్ధవృత్తం. లేకపోతే ఎంత అణిగిందో రాయి, ఊహించి గుండ్రంగా గీసెయ్యకు.

బయట గారను కూడా జాగ్రత్తగా చూడు. అప్పటి పని ఇటుక, సున్నం. సున్నపు గార లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు తెల్లగా పేరుకుని, పెచ్చులూడుతుంది. అలాంటి అతుకులు ఎక్కడైనా కనబడితే ప్లానులో గుర్తు పెట్టు. మరమ్మతు చేసేవాళ్లకు మిగతా వ్యాసమంతటి కన్నా ఆ పేజీ ఎక్కువ అక్కరకొస్తుంది.

గోపురం, శిఖరం తర్వాత వచ్చినవి. గోపురం 1701, శిఖరం 1710, ఇప్పుడు కనిపించే శిఖరం 18వ శతాబ్దం చివర మళ్లీ కట్టింది. కాబట్టి ముందు వైపు ఫొటో పెట్టి కింద ‘1680 నాటి కట్టడం’ అని రాయకు.

ఇక తేదీలు. అందరూ జారిపడేది ఇక్కడే. ఈస్టిండియా కంపెనీ మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ చందాలు పోగుచేసి 1678 మార్చి 25న పని మొదలుపెట్టించాడు. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. 1752 దాకా ఇంగ్లీషువాళ్ల లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25నే మొదలయ్యేది. అంటే పాత రిజిస్టరులో ‘1687 ఫిబ్రవరి’ అని ఉంటే మన లెక్కకు అది 1688. అలాంటివాటికి ‘1687/88’ అని రెండూ రాయి. అప్పటి పాత క్యాలెండరు మన క్యాలెండరు కన్నా 10 రోజులు (1700 తర్వాత 11) వెనక ఉండేది. అయినా నెల, రోజు ఉన్నవి ఉన్నట్టే ఉంచు, ఆ రోజులు కలిపి సవరించకు. 1680 నవంబరు 4న ఇక్కడ జరిగిన ఎలిహూ యేల్ (తర్వాత మద్రాసు గవర్నరు) పెళ్లి పాత లెక్కది, 1753 ఫిబ్రవరి 18న జరిగిన రాబర్ట్ క్లైవ్ పెళ్లి కొత్త లెక్కది. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్న మద్రాసు చర్చి రిజిస్టరు పత్రాలు ఇక్కణ్ణించి పంపిన నకళ్లు. నకలు రాసినవాడి చేతిలో పేర్లు మారిపోతాయి, అసలుతో సరిచూడకుండా వాడకు.

ఆవరణలో నేలంతా పరిచిన సమాధి రాళ్ల కింద ఎవరూ లేరమ్మా. అసలు శ్మశానం కోట బయట, ఇప్పటి లా కాలేజీ చోట ఉండేది. 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్లు ఆ సమాధుల చాటు నుంచే కోట మీద దాడి చేశారు. ముట్టడి తీరాక సమాధులను పడగొట్టి, రాళ్లను తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. ‘ఇక్కడ ఖననమయ్యారు’ అని రాశావంటే తప్పే. వాటిలో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి వెతికి చూడు. లాటిన్‌లో, పోర్చుగీసులో చెక్కినవీ ఉన్నాయి.

అక్షరాలు అరిగాయని సుద్దముక్క రుద్దకు, పిండి చల్లకు, నూనె పూయకు. రాయిలోకి దిగితే పోవు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో చూడు, లేదా టార్చిలైటు నేలకు ఆనించి పక్క నుంచి వెయ్యి, చదవలేవనుకున్న వరుస కూడా నీడతో లేచి కనిపిస్తుంది. ‘యు’ ఉండాల్సిన చోట ‘వి’ చెక్కి ఉంటుంది, పాత ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’లా ఉంటుంది. వరుస ఎక్కడ తెగితే నీ కాగితం మీద కూడా అక్కడే తెంచు. చెరిగిపోయినదాన్ని చుక్కలతో వదిలెయ్యి.

బలిపీఠం వెనక ఉన్న కడరాత్రి భోజనం చిత్రం 1761లో పుదుచ్చేరి నుంచి తెచ్చారంటారు. ‘అంటారు’ అనే రాయి. 1947 సెప్టెంబరు 27 నుంచి ఈ చర్చి దక్షిణ ఇండియా సంఘానిది (సి.ఎస్.ఐ.), కాబట్టి ఇప్పటి సంగతి రాసేటప్పుడు ఆంగ్లికన్ అనకు.

లోపల మద్రాసు గవర్నరుగా చేసిన సర్ థామస్ మన్రో సమాధి దగ్గర తీరిగ్గా ఆగు. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది ఆయన మీది గౌరవంతోనే. 1827 జూలై 6న పత్తికొండ దగ్గర కలరాతో పోతే ముందు గుత్తిలో పూడ్చారు, 1831లో ఇక్కడికి తెచ్చారు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు గుత్తిలో ఆయన స్మారకాన్ని కూడా ఇదే పద్ధతిలో కొలిచి, రాత రాసుకో. రెండూ పక్కపక్కన ఒకే పేజీలో వెయ్యి.

మీ పెదనాన్న