ట్రిగ్గర్‌లో సేఫ్టీ ఉంటే పేలదా?

గాజువాక నుంచి ఒక తమ్ముడి సందేహం. ఎమ్మెస్ కోసం టెక్సస్ వెళ్తున్నాడు. దిగబోయే ఫ్లాట్‌లో సీనియర్ దగ్గర గ్లాక్ పిస్టల్ ఉందట. "ట్రిగ్గర్‌లోనే సేఫ్టీ ఉంటుంది, ఊరికే పేలదు" అన్నాడట. నమ్మొచ్చా అని అడుగుతున్నాడు.

కొంతవరకు నమ్మొచ్చు తమ్ముడూ. గ్లాక్ ట్రిగ్గర్ మధ్యలో సన్నటి మీట ఉంటుంది. అది నొక్కుకుంటే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. చెయ్యి జారి కిందపడినా పేలకుండా లోపల ఇంకో రెండు అడ్డులున్నాయి. కానీ వేలు కావాలని పడిందో, పొరపాటున పడిందో తుపాకీకేం తెలుసు? దాదాపు రెండున్నర కిలోల ఒత్తిడి పడితే మూడూ వాటంతట అవే తప్పుకుంటాయి. వేలే కానక్కర్లేదు, చొక్కా అంచు ఇరుక్కున్నా చాలు. పక్కన విడిగా సేఫ్టీ మీట మామూలు గ్లాక్‌కి ఉండదు.

అసలు మోసం తూటాలు నింపే మ్యాగజైన్ దగ్గరుంది. అది తీసేస్తే ఖాళీ అయిందనుకుంటారు. ఛాంబర్‌లో, అంటే పేలడానికి తూటా సిద్ధంగా కూర్చునే గొట్టం వెనక భాగంలో, ఒక తూటా మిగిలి ఉండొచ్చు, మ్యాగజైన్ లేకపోయినా అది పేలుతుంది. పైగా క్లీనింగ్‌కి గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే! పైన వెనక్కి జరిగే స్లైడ్ లాగి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమేదాకా అది లోడ్ అయి ఉన్నట్టే లెక్క.

ఆర్కే బీచ్‌లో బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ తప్ప మనలో చాలామంది ఏదీ పట్టుకుని ఎరగరు. అందుకే అక్కడికెళ్లాక సెల్ఫీ సరదా. నువ్వు ముట్టుకోకు. ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, దాన్ని పట్టుకునే మనవాళ్లు కొందరు కొంటారు. ఆ లైసెన్స్ గడువు తీరిపోయాక కూడా తుపాకీ ఇంట్లోనే ఉంటే? శిక్ష పడితే డిపోర్టేషన్ దాకా వెళ్తుంది.

పేలితే కంపెనీ మీద కేసు వేయొచ్చులే అనేవాళ్లూ ఉన్నారు. సిగ్ సావర్ కంపెనీ పి320 పిస్టల్ కేసులో 2024లో ఫిలడెల్ఫియా జ్యూరీ 1.1 కోట్ల డాలర్లు ఇవ్వమన్న మాట నిజమే. అది డిజైన్ లోపమని వాదించి గెలిచిన కేసు. నీ వేలు నొక్కితే ఆ వాదన నిలవదు. "యాక్సిడెంట్ సార్" అన్నా నిర్లక్ష్యం కింద క్రిమినల్ కేసు పడొచ్చు, నష్టపరిహారం దావా వేరే. టెక్సస్‌లో లోడ్ చేసిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అదీ నేరమే.

లీజు మీద సంతకం పెట్టేముందు సీనియర్‌ని అడుగు: తాళం పెట్టె ఉందా, తాళం ఎవరి దగ్గరుంటుంది, తూటాలు ఎక్కడ పెడతావు? నసిగాడంటే అద్దె కాస్త ఎక్కువైనా వేరే రూమ్ చూసుకో.