ఈనమ్, స్ట్రక్ట్ రెండూ వాల్యూ టైపులే, మరి తేడా అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: సార్, నేను బీటెక్ ఫైనలియర్. కాలేజీలో జావా చదివా, ఇప్పుడు అమీర్‌పేటలో డాట్ నెట్ కోర్సు చేస్తున్నా. మాక్ ఇంటర్వ్యూలో ఈనమ్‌కి, స్ట్రక్ట్‌కి తేడా చెప్పమన్నారు. రెండూ వాల్యూ టైపులేనండీ, అంటే వేరియబుల్‌లో నేరుగా వాల్యూయే ఉంటుంది అన్నా, ఆ తర్వాత నోట మాట రాలేదు. ఫ్రెషర్‌కి ఇవన్నీ అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా, జావా నుంచి వచ్చినవాళ్లకైతే ఇంకా అవసరం. జావాలో ఈనమ్ అంటే ఒక రకం క్లాసే, దానికి కన్‌స్ట్రక్టర్ ఉంటుంది, మెథడ్స్ ఉంటాయి, అది రిఫరెన్స్ టైపు, అంటే వేరియబుల్‌లో ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే చిరునామా లాంటిదే ఉంటుంది. డాట్ నెట్‌లో మనం రాసే సీ షార్ప్ భాషలో పేరు అదే గానీ సరుకు వేరు. ఇక్కడ ఈనమ్ లోపల ఉండేది ఒకే ఒక్క పూర్ణసంఖ్య, దానికి మనం పేర్లు తగిలించాం అంతే. ఏమీ చెప్పకపోతే అది ఇంట్, అంటే 4 బైట్లు, కావాలంటే బైట్ అనో లాంగ్ అనో మార్చుకోవచ్చు. అందులో మనం సొంతంగా ఫీల్డులు పెట్టలేం, మెథడ్ రాయలేం. బయట ఎక్స్‌టెన్షన్ మెథడ్ రాసుకోవచ్చనుకో, అది వేరే సంగతి.

స్ట్రక్ట్ అలా కాదు, అందులో ఏముండాలో నువ్వే డిజైన్ చేస్తావు. ఫీల్డులు, ప్రాపర్టీలు, మెథడ్స్, కన్‌స్ట్రక్టర్ అన్నీ పెట్టుకోవచ్చు, ఇంటర్‌ఫేస్ కూడా ఇంప్లిమెంట్ చేయొచ్చు, ఇంకో స్ట్రక్ట్ నుంచి ఇన్‌హెరిట్ చేయడం మాత్రం కుదరదు.

ఇంటర్వ్యూలో డెఫినిషన్ అప్పజెప్పకుండా డేట్‌టైమ్ డాట్ నౌ డాట్ డేఆఫ్‌వీక్ అనే లైను చెప్పు. డేట్‌టైమ్ ఒక స్ట్రక్ట్, దానికి యాడ్‌డేస్ లాంటి మెథడ్స్ ఉన్నాయి, చివర్లో వచ్చే డేఆఫ్‌వీక్ ఈనమ్, అందులో సండే 0, సాటర్‌డే 6. రెండూ ఒకే లైన్లో దొరికాయి కదా, ఇక తేడా చెప్పడానికి తడుముకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. నువ్వు కోడ్ రాశావా లేక నోట్స్ చదివి వచ్చావా అనేది ఇక్కడే బయటపడుతుంది. 57ని డేఆఫ్‌వీక్‌కి కాస్ట్ చేసి, అంటే ఆ టైపుకి మార్చి, ప్రింట్ చేసి చూడు. కంపైలర్ ఏమీ అనదు, రన్ చేసినా ఎర్రర్ రాదు, స్క్రీన్ మీద 57 అనే పడుతుంది, ఎందుకంటే లోపలున్నది ఎలాగూ నంబరే కాబట్టి దానికి ఏ ఇంట్ అయినా పడుతుంది! ప్రాజెక్టులో డేటాబేస్ నుంచో ఏపీఐ నుంచో తప్పు నంబర్ వస్తే ఇలాగే చల్లగా లోపలికి వచ్చేస్తుంది, అందుకే ఈనమ్ డాట్ ఈజ్‌డిఫైన్డ్‌తో ఆ నంబర్‌కి పేరుందో లేదో ముందు చెక్ చేయాలి. స్ట్రక్ట్‌లో అయితే కన్‌స్ట్రక్టర్‌లోనే చెక్ పెట్టుకునే వీలుంది.

ఇంకోటి, వాల్యూ టైపులన్నీ స్టాక్‌లోనే ఉంటాయి అని బట్టీ పట్టిన లైను దయచేసి చెప్పొద్దు (స్టాక్, హీప్ అనేవి మెమరీలో రెండు భాగాలు). క్లాసులో ఫీల్డుగా ఉంటే అది ఆ ఆబ్జెక్టుతో పాటు హీప్‌లోనే ఉంటుంది. అసైన్ చేస్తే వాల్యూ మొత్తం కాపీ అవుతుంది అని చెప్పు, అది రెండిటికీ నిజమే.

దీని తర్వాత ఎక్కువగా డిఫాల్ట్ వాల్యూ గురించి అడుగుతారు. నీ ఈనమ్ 1 నుంచి మొదలైనా సరే, వాల్యూ ఇవ్వని ఫీల్డులో 0 ఉంటుంది, ఆ 0కి పేరే ఉండదు. కాబట్టి ఆర్డర్ స్టేటస్ లాంటివి రాసేటప్పుడు 0కి నన్ అనో అన్‌నోన్ అనో ఒక పేరు పెట్టుకో, ఎందుకు పెట్టావని అడిగితే ఇదే కారణం చెప్పు.