ల్యాబ్ కార్డు ఎలాగూ ఇస్తారు, తోడు సంగతి చూసుకో

మద్దిలపాలెం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడట, అక్కడ రీసెర్చి ల్యాబులోకి కార్డు ఎప్పుడిస్తారు, రాత్రిళ్లు ఉండనిస్తారా అని.

తమ్ముడూ, కార్డు తెచ్చుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. సేఫ్టీ ట్రైనింగ్ పూర్తి చేస్తావు, ప్రొఫెసరు సరేనంటాడు, నీ స్టూడెంట్ ఐడీ కార్డుకే ఆ తలుపు తెరుచుకునేలా చేస్తారు. చాలాచోట్ల దానికి గడువుంటుంది, అయిపోకముందే మళ్లీ అడగాలి. మిగతా రూల్సు మీ యూనివర్సిటీ సైటులో చదువుకో. సైటులో లేనివి నేను చెప్తాను.

నేను 2005లో తూర్పు తీరంలో దిగాను. కార్డు చేతికొచ్చిన మూడో రోజు, వెనకాల ఒకాయన రెండు చేతులా అట్టపెట్టెలతో వస్తున్నాడని తలుపు పట్టుకున్నాను. మనిషి వస్తుంటే మొహం మీద తలుపేసే అలవాటు మనకుందా? ఆయనకి ఆ ల్యాబులోకి అనుమతి లేదట. నేను చేసిన మర్యాదని టెయిల్‌గేటింగ్ అంటారట. రెండు వారాలు నా కార్డు ఆపేశారు. రూమ్మేట్లు పార్ట్‌టైముకి పోయేవారు. నేను నోరు విప్పి నాలుగు మాటలాడదామని రోజూ కొట్టుకెళ్లి, అక్కర్లేని ఉల్లిపాయలు కొనుక్కొచ్చేవాణ్ణి.

కార్డు తిరిగొచ్చాక నలుగురితో స్నేహం కలుపుదామని అమ్మ కట్టిచ్చిన మాడుగుల హల్వా ల్యాబు బల్ల మీదే విప్పాను. రసాయనాలున్న గదిలో తిండి తేకూడదని ట్రైనింగులో చెప్పారు, నేనే వినలేదు. అరకిలో హల్వా నా చేతే చెత్తబుట్టలో వేయించారు. డబ్బు పోయినా అంత బాధపడను.

ఇక రాత్రిళ్లు. ఒక డిసెంబరు రాత్రి పదిన్నరకి, వైజాగులో పొద్దున్న తొమ్మిది, అమ్మకి కాలింగ్ కార్డుతో ఫోన్ చేద్దామని సిగ్నల్ కోసం బయటికొచ్చాను. వెనకాల తలుపు పడిపోయింది. ఐడీ కోటు జేబులో, కోటు లోపల కుర్చీకి. అరకు చలే చలి అనుకుని పెరిగినవాణ్ణి, చొక్కాతో మంచులో నిలబడ్డాను. క్యాంపస్ పోలీసు వచ్చి ముందుగా అడిగింది ఐడీనే! లోపల ఇంకొక్క మనిషుంటే అద్దం తడితే పోయేది.

ప్రమాదకరమైన పని రాత్రి ఒంటరిగా చెయ్యొద్దు, పిలిస్తే పలికే దూరంలో ఇంకొకరుండాలి అని చాలా ల్యాబుల్లో రూలుంటుంది. నాకది అవమానంగా తోచేది, ఎవర్నీ అడగలేదు. చివరికి ఒక చైనా కుర్రాడే వచ్చి, రాత్రి నాకు తోడుంటావా అని అడిగాడు. మూడేళ్లు ఒకరికొకరం కాపలా కాసుకున్నాం. మీకు వాట్సాప్‌లో అమ్మ ఎప్పుడూ ఉంటుంది కనుక ఇది పట్టదు. కానీ అమ్మ వచ్చి తలుపు తియ్యదు కదా.

కాబట్టి కార్డుకి అప్లై చేసిన వారంలోనే ఆ ల్యాబులో రాత్రి ఎవరుంటారో కనుక్కుని పలకరించు. హల్వా రెండు పాకెట్లు ఎక్కువ పెట్టుకో. విప్పేది మాత్రం బ్రేక్ రూములో.