సింహాసనం లేని రాజు

ప్రశ్న: మా అబ్బాయికి మెక్సికో పాటలంటే ప్రాణం. వాడు ఎప్పుడూ వినే ఒక పాటకు అర్థం అడిగితే, ప్రేమించిన మనిషి కాదు పొమ్మన్నా ఆ పాడేవాడు తానే రాజునని చెప్పుకుంటున్నాడన్నాడు. మనసు విరిగినవాడికి అంత బింకం దేనికి? అది దుఃఖమా, అహంకారమా?
ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు విన్నది 'ఎల్ రే' అనే పాట అయివుంటుంది. దాన్ని కట్టినవారు హోసె అల్‌ఫ్రెడో హిమెనెస్ (1926–1973). దొలోరెస్ హిదాల్గో అనే ఊళ్లో పుట్టి, కొంతకాలం హోటల్లో సర్వరుగా పనిచేసిన ఆయన శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదు. వాద్యమేదీ వాయించలేరు కనుక బాణీని ఈల వేసి వినిపిస్తే, తెలిసినవారు దానిని స్వరపరిచేవారు. రాంచెరా అని పిలిచే ఆ పల్లె బాణీలో ఆయనను మించిన రచయిత లేరని నా అభిప్రాయం.

ఆ పాటలోని రాజు గొప్పలను కాస్త నిదానంగా వినండి. తాను బయటే నిలబడి ఉన్నానని మొదటే ఒప్పుకుంటాడు. సింహాసనం లేదు, రాణి లేదు, తన మనసు తెలిసినవారూ లేరు, అయినా తన మాటే శాసనమంటాడు. పోగొట్టుకున్నవాటినే ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ చెప్పుకునే ఆ గొప్పను నేను దుఃఖమనే అంటాను. మగవాడు నలుగురిలో ఏడవకూడదనే కట్టుబాటు ఉన్నచోట, మారియాచి మేళంలోని వయొలిన్లూ ట్రంపెట్లూ నిండుగా మోగుతుండగా, వినేవాళ్లు కూడా గొంతెత్తి కేక పెడుతుండగా, బింకం మాటున అతడు ఏడవగలుగుతున్నాడు. మన తూర్పు భాగవతం చూసినవారికి ఇది కొత్త కాదు; విరహంతో కాగిపోతున్న సత్యభామ మద్దెల దరువుకు అడుగు వేస్తూ తన అందాన్నీ పుట్టింటి గొప్పనూ చెప్పుకుంటుంటే ఆమెకు బాధ లేదని మన పల్లెల్లో ఎవరూ అనుకోరు.

అయితే, తాను చచ్చిననాడు నువ్వు ఏడవక తప్పదని అదే పాటలో ఆమెను హెచ్చరించే మాట నాకు రుచించదు, ఎందుకంటే అక్కడ గాయపడిన అభిమానం శాపంగా మారుతోంది. ఆ ధోరణికి దీటైన జవాబు ఆడగొంతు నుంచే వచ్చింది. స్వయంగా భర్త చేతిలో మోసపోయిన పాకీతా లా దెల్ బార్రియో (1947–2025), మెక్సికో నగరంలోని తన సొంత హోటల్లో నిలబడి, నమ్మించి వంచించిన మగవాణ్ణి రెండు కాళ్ల ఎలుక అని నిండు సభలో తిడుతూ పాడేవారు. ఆడవాళ్లు ఎంతగా కేరింతలు కొట్టేవారో ఆ రికార్డింగుల్లో వినవచ్చు.

మీ అబ్బాయి చేత చవేలా వార్గాస్ (1919–2012) పాటలు కూడా పెట్టించుకోండి. కోస్టారికాలో పుట్టి మెక్సికోలో స్థిరపడిన ఈమె హోసె అల్‌ఫ్రెడోకు ఆప్తురాలు. మేళాన్ని పక్కనపెట్టి, గిటారు తోడుగా ఆయన పాటలను చాలా నెమ్మదిగా పాడారు. ట్రంపెట్ల అండ లేనందువల్ల, బింకంగా ఎత్తుకున్న మాట ఏ పదం దగ్గర తడబడుతుందో, భాష తెలియని మనకు కూడా ఆమె గొంతులో స్పష్టంగా వినిపిస్తుంది.