అది దిద్దాల్సిన నోటుపుస్తకం కాదు

ప్రశ్న: నా వయసు 44. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. స్క్రాప్‌బుక్‌లు చేయడం నాకు చాలా ఇష్టం. ఫొటోలు, ఉత్తరాలు, టికెట్లు అతికించి, పక్కన ఆనాటి సంగతులు రాస్తుంటాను. రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. ఆమె ఫొటోలు, ఉత్తరాలు ఉన్న అట్టపెట్టె నా దగ్గరే ఉంది. అమ్మ కథను ఒక పుస్తకంగా చేయాలని ఉంది. కానీ మా పిల్లల ఫొటోలే నాలుగేళ్లవి మిగిలిపోయాయి. అవి పూర్తిచేయకుండా ఆ పెట్టె తెరవబుద్ధి కావడం లేదు. సాయంత్రాలన్నీ నోటుపుస్తకాలు దిద్దడంతోనే సరిపోతున్నాయి. చేతిపని బాగా వస్తుందని బడిలో చార్టులు, వార్షికోత్సవం అలంకరణలు కూడా నాకే అప్పగిస్తారు. 'ఇంట్లో ఎప్పుడు చూసినా కాగితాలే, దిద్దేవో కత్తిరించేవో' అని మా వారు విసుక్కుంటున్నారు. అమ్మ ఫొటోల్లో ఉన్న సగం మంది ఎవరో 78 ఏళ్ల నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. వీటికి తోడు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల్లో తప్పిన సంగతిని నేను క్లాసులో కథలా చెప్పానని తన స్నేహితురాలి ద్వారా తెలిసి, నాతో సరిగా మాట్లాడటం లేదు. స్క్రాప్‌బుక్‌లు మానేయమంటారా?

జవాబు: మానేయవద్దు. ఆ ప్రశ్న నాతో 'వద్దు' అనిపించుకోవడానికే అడిగినట్టున్నారు కాబట్టి ముందు ఆ మాట అనేశాను. అయితే మీరు ఆ పని చేస్తున్న తీరు మాత్రం మారాలి.

పిల్లల ఫొటోలు పూర్తయ్యేదాకా అమ్మ పెట్టె తెరవకూడదని మీకు ఎవరు చెప్పారు? బడిలో మూడో పాఠం కాకుండా ఏడో పాఠానికి వెళ్లరు, నిజమే. అక్కడ సిలబస్ ఉంది, గడువు ఉంది, వెనకబడితే అడిగేవాళ్లున్నారు. ఇంట్లో పుస్తకానికి ఇవేవీ లేవు. లేని తనిఖీ అధికారిని మీరే నియమించుకుని, రాత్రిపూట ఆయనకు సంజాయిషీ చెప్పుకుంటున్నారు. కష్టమైన ప్రశ్న రాగానే జవాబు రాయకుండా పెన్సిలు చెక్కుతూ కూర్చునే పిల్లలను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. మిగిలిపోయిన ఆ నాలుగేళ్ల ఫొటోలు మీకు అలాంటి పెన్సిలేమోనని నా అనుమానం. అవి ఉన్నంతకాలం అమ్మ పెట్టె జోలికి వెళ్లనక్కర్లేదు కదా! ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. దుఃఖం ఉన్నచోట మనిషి ఏదో ఒక పని అడ్డం పెట్టుకుంటాడు. అడ్డం పెట్టుకున్నానని తెలిస్తే చాలు.

ఇక గడువు నిజంగా దేనికి ఉందో చూడండి. అతికించడానికి గడువు లేదు. పిల్లల పుట్టినరోజు ఫొటోలు మరో పదేళ్లు కవర్లోనే ఉన్నా వాటికొచ్చే నష్టం లేదు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పడానికి మీరున్నారు, మీ వారున్నారు. అమ్మ ఫొటోల సంగతి అలా కాదు. అందులో ఉన్నవాళ్ల పేర్లు ఒక్క మనిషి జ్ఞాపకంలోనే ఉన్నాయి, ఆ మనిషికి 78 ఏళ్లు. కాబట్టి మొదటి పని నాన్నగారి దగ్గర కూర్చోవడం. కత్తెర, జిగురు, రంగు కాగితాలు తర్వాత సంగతి.

ఆయన పేర్లు చెబుతుంటే ఫోనులో రికార్డు చేయండి. ఫొటో వెనక రాయదలిస్తే పెన్నుతో వద్దు, సిరా ఇవతలికి ఊరవచ్చు. ఫొటోను గట్టి బల్ల మీద బోర్లించి, మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా అంచున రాయండి. కొత్తకాలం ఫొటోల వెనక భాగం ప్లాస్టిక్‌లా నున్నగా ఉండి పెన్సిలు పడదు. వాటిని ఒక్కొక్కటిగా కాగితపు కవర్లో పెట్టి, పేర్లు ముందే ఆ కవరు మీద రాయండి. జిగురు పేజీ మీద పారదర్శక ప్లాస్టిక్ పొర ఉండే పాత ఆల్బమ్‌లు ఆ పెట్టెలో ఉంటే, అతుక్కుపోయిన ఫొటోలను లాగకండి. పేజీని ఉన్నది ఉన్నట్టుగా ఫొటో తీసుకోండి. వార్తాపత్రికల కత్తిరింపులు పచ్చబడటానికి కారణం ఆ కాగితంలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం. అది వెలుతురుకూ గాలికీ రంగు మారి, కాగితాన్ని పెళుసుగా చేస్తుంది. పక్కనున్న ఫొటోకూ మరక పట్టవచ్చు. అందుకే కత్తిరింపును యాసిడ్ లేని కాగితం మీద జిరాక్సు తీసి, ఆ నకలునే అతికించండి. ఉత్తరాలకు లామినేషన్ ఎంతమాత్రం వద్దు, ఒకసారి చేశాక విడదీయలేరు. బస్సు టికెట్ల వంటి థర్మల్ కాగితాల మీది అక్షరాలు వాటంతట అవే వెలిసిపోతాయి కాబట్టి వాటికీ నకలే దిక్కు.

అసలు పుస్తకం మొత్తాన్నీ నకళ్లతోనే చేయమంటాను. మూలాలు పెట్టెలో భద్రంగా ఉంటాయి. పేజీ పాడైనా అమ్మ ఫొటో పాడైపోతుందన్న బెదురు ఉండదు. మీ చేయి ఆడకపోవడానికి ఆ బెదురు కూడా ఒక కారణం కావచ్చు.

కథ రాయడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్క్రాప్‌బుక్ చేసేవాళ్లలో చాలామంది పేజీని ముందు అలంకరించి, చివర మిగిలిన జానెడు చోటులో రెండు ముక్కలు రాస్తారు. మీరు తిరగేసి చేయండి. ముందు కథ రాయండి, అదీ ఏదో ఒక చిత్తు కాగితం మీద. ఉదాహరణకు, అమ్మ కుట్టుమిషను పక్కన నిలబడిన ఫొటో ఉందనుకుందాం. 'అమ్మ, కుట్టుమిషనుతో' అని రాస్తే అది మనకు కనబడుతున్నదే. 'ఈ మిషను కొన్న కొత్తలో అమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకరోజు సూది విరిగింది. నాన్నే విరిచాడని అమ్మ చాలాకాలం అనుకుంది. విరిచింది నేను' అని రాస్తే, ఫొటోలో లేని మనిషి కూడా పేజీలోకి వస్తాడు. దీనికి కావలసింది నాలుగు వాక్యాలు, పది నిమిషాలు. ఫొటోలో కనబడనిది ఏమిటి అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. అలంకరణ లేకపోయినా ఆ పేజీ నిలుస్తుంది.

ఆ పది నిమిషాలు రాత్రి మాత్రం వద్దు. రోజంతా మాట్లాడి, అరిచి, సర్దిచెప్పి వచ్చిన గొంతుకు రాత్రికి కథ చెప్పే ఓపిక ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. మనసును బాధపెట్టిన సంగతులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించి చూసిన ఒక ప్రసిద్ధ పరిశోధన 1986లో అమెరికాలో వెలువడింది. రాసినవాళ్లకు ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్యకేంద్రానికి వెళ్లాల్సిన అవసరం తగ్గింది. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు మరింత బరువెక్కింది. మేలు కూడా కొద్దిపాటిదేనని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కాబట్టి అమ్మ గురించి రాసేది సెలవు రోజు పగటిపూట రాయండి, రాశాక కాసేపు బయట తిరిగి రండి. రెండేళ్లయినా పెట్టె చూస్తేనే ఏడుపు ఆగకపోవడం, నిద్రా తిండీ చెడటం వంటివి ఉంటే స్క్రాప్‌బుక్ ఒక్కటే చాలదు. కౌన్సెలర్‌ను నేరుగా కలవండి.

వారానికి ఒక అరగంట కథకు కేటాయించండి. అదీ నోటుపుస్తకాలు తీయకముందే. దిద్దడం అయ్యాక చూద్దామనుకుంటే ఆ 'తర్వాత' రాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కత్తిరించడం, అతికించడం సెలవులకు వాయిదా వేయండి. మార్క్ ట్వైన్ అన్న పేరుతో మనకు తెలిసిన శామ్యూల్ క్లెమెన్స్ 1873లో స్క్రాప్‌బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. దాని పేజీల మీద ముందే జిగురు పూసి ఉంటుంది, తడిచేసి అతికించడమే. అంత పేరున్న రచయితకే జిగురుతో కుస్తీ విసుగనిపించిందంటే, మీరు సింగారాలు తగ్గించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

దిద్దడం విషయానికొస్తే, పరీక్ష పేపర్లకు అడ్డదారి లేదు, అవి దిద్దాల్సిందే. రోజువారీ నోటుపుస్తకాలకు ఉంది. ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో చుట్టబెట్టనక్కర్లేదు. ఈసారి కారణాలు సరిగా రాశారా లేదా అన్నదొక్కటే చూస్తానని పిల్లలకు ముందే చెప్పి, అదొక్కటే చూడండి. ఇంకోసారి పటాలు. వాళ్లు రాస్తున్నప్పుడే వరుసల మధ్య తిరుగుతూ అక్కడికక్కడే సంతకం పెట్టేస్తే, ఇంటికి మోసుకొచ్చే కట్ట సగమవుతుంది. ఎర్ర గీతలు తగ్గినంత మాత్రాన చదువు తగ్గిపోదు.

చార్టుల సంగతి వేరు. అది మీ మంచితనానికి పడిన జరిమానా. ప్రధానోపాధ్యాయులతో వార్షికోత్సవం హడావుడి మొదలయ్యాక కాదు, సంవత్సరం మొదట్లోనే మాట్లాడండి. 'ఈ ఏడాది ఒక్క కార్యక్రమం బాధ్యత తీసుకుంటాను, మిగతావాటికి పిల్లలకు నేర్పిస్తాను, చేసేది వాళ్లే' అనండి. చార్టు కాస్త వంకరగా వస్తుంది, రానివ్వండి. ఆ వంకరను సరిచేయడానికి మీరు మళ్లీ కూర్చున్నారో, కథ మొదటికొస్తుంది.

మీ వారి విసుగులో కొంత న్యాయం ఉంది. అందరూ కూర్చునే బల్ల మీద నెల రోజులపాటు కత్తిరింపులు పరచి ఉంటే ఎవరికైనా చికాకే. ఒక మూత ఉన్న పెట్టె పెట్టుకుని, ఆ రోజు పని కాగానే అన్నీ అందులోకి చేర్చండి. అప్పుడప్పుడు ఒక ఫొటో ఆయన చేతిలో పెట్టి 'ఇది మీరు చెప్పండి, నేను రాస్తాను' అనండి. విసుగు పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ అమ్మాయి విషయం. మీరు దాన్ని చివర్లో పెట్టారు గానీ, నేనైతే ముందు పెడతాను. 'పేరు చెప్పలేదు కదా', 'పిల్లలకు ధైర్యం రావాలనే చెప్పాను' లాంటి మాటలేవీ కలపకుండా క్షమాపణ చెప్పండి. 'నీ సంగతి నిన్ను అడగకుండా చెప్పాను. తప్పు నాదే. ఇకమీదట అడగకుండా చెప్పను' అంటే చాలు. ఆ అమ్మాయి వెంటనే కరిగిపోకపోవచ్చు, తొందరపెట్టకండి. లెక్కల్లో తప్పినందుకంటే, ఆ కబురు స్నేహితురాలి నోట వినాల్సి వచ్చినందుకే ఆమెకు ఎక్కువ కష్టం కలిగి ఉంటుంది. క్లాసులో ధైర్యం చెప్పడానికి ఓటమి కథ కావాలంటే మీది చెప్పండి, మీకూ ఒకటో రెండో ఉండే ఉంటాయి. స్క్రాప్‌బుక్‌లోనూ అంతే. ఆమె గురించి రాసిన పేజీని ముందు ఆమెకే చూపండి, వద్దంటే తీసేయండి. మీ విద్యార్థుల ఫొటోలు, రాతలు కూడా తల్లిదండ్రుల అనుమతి, బడి అనుమతి లేకుండా మీ సొంత పుస్తకంలోకి రాకూడదు.

నాన్నగారి దగ్గరికి వెళ్లేటప్పుడు పెట్టె మొత్తం మోసుకెళ్లకండి. ఇరవై ఫొటోలు తీసుకెళ్లండి, ఆయన అలసిపోయేలోపు ఆపేయండి. వీలైతే అమ్మాయిని కూడా రమ్మని అడగండి. రానంటే సరే. వస్తే ఫోను ఆమె చేతికివ్వండి. అమ్మమ్మ గురించి తాతయ్యను ఏం అడగాలో ఆమెకే వదిలేసి, మీరు పేర్లు రాసుకుంటూ కూర్చోండి.