డాబా మీద సినిమా: ప్రొజెక్టర్ సంగతి తర్వాత, ముందు స్పీకర్ చూడండి

ప్రశ్న: నవంబరులో మా బాబుకి ఎనిమిదేళ్లు నిండుతాయి. వాడి క్లాసు పిల్లలు పన్నెండు మందిని పిలిచి, సాయంత్రం డాబా మీద సినిమా వేసి పిజ్జాలు పెట్టాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఏడు వేలకి ‘9000 ల్యూమెన్స్, 4కే సపోర్ట్’ అని ఒక ప్రొజెక్టర్ చూశాను. తీసుకోవచ్చా సార్? – ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖ

జవాబు: వద్దమ్మా. ఆ 9000 అంకె చూసి డబ్బు పెట్టకండి. తెర మీద పడే వెలుగుని ప్రమాణం ప్రకారం కొలిస్తే వచ్చేది ‘యాన్సీ ల్యూమెన్స్’. చవక మోడళ్లకి రాసే వేల అంకెలకి ఆ కొలతతో సంబంధం ఉండదు. యాన్సీ అని రాసి, పక్కన అంకె ఉంటేనే పట్టించుకోండి. ‘4కే సపోర్ట్’ కూడా అంతే. 4కే వీడియో ఇస్తే తీసుకుంటుందని అర్థం, 4కేలో చూపిస్తుందని కాదు. వివరాల్లో కిందెక్కడో ‘నేటివ్ రిజల్యూషన్’ అని ఉంటుంది, అది నిజంగా చూపించే స్పష్టత. అక్కడ 4కే కన్నా ఎంతో తక్కువైన 480పి కనిపించినా ఆశ్చర్యపోవద్దు.

ఒక్క సాయంత్రానికి అద్దెకి తెచ్చుకోవడమే మంచిది. పెళ్లిళ్లకి, మీటింగులకి అద్దెకిచ్చే ఆఫీసు ప్రొజెక్టర్లు 3000 ల్యూమెన్స్ పైనే ఉంటాయి. చీకటి పడ్డాక డాబా మీద వంద అంగుళాల బొమ్మకి అది ధారాళంగా సరిపోతుంది. తీసుకునే ముందు హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. నీలం రంగు వీజీఏ పోర్టు ఒక్కటే ఉన్న పాతది అంటగడితే తీసుకోవద్దు. కొన్నింటిలో బొమ్మకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. పిల్లలకి అదేం అడ్డు కాదు.

తెరకి దుప్పటి కట్టాలనుకుంటారేమో, మన సముద్రపు గాలి దాన్ని నిలవనివ్వదు. హీరో మొహం సినిమా అంతా ఊగుతూనే ఉంటుంది. డాబా మీద మెట్ల గది గోడకి తెల్ల సున్నం ఉంటే అంతకన్నా మంచి తెర లేదు. ఏడడుగుల వెడల్పు బొమ్మ కావాలంటే మామూలు ప్రొజెక్టర్ని గోడకి పది, పదకొండు అడుగుల దూరంలో పెట్టాలి. అంత జాగా ఉందో లేదో టేపుతో కొలవండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇలాంటి పార్టీ గురించి అడిగేవాళ్లంతా బొమ్మ గురించే అడుగుతారు. పిల్లలు సినిమా వదిలేసి లేచిపోయేది మాత్రం మాటలు వినబడనప్పుడే. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు. డైలాగు అందకపోతే పావుగంటలో డాబా అంతా పరుగులే. ఆరుబయట ధ్వనిని తిప్పికొట్టే గోడలూ పైకప్పూ ఉండవు, పైగా గాలి, కింద రోడ్డు మీద బళ్ల రొద. ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకర్ అక్కడ ఎందుకూ పనికిరాదు. అందుకని కొనేది ఏదైనా ఉంటే మంచి స్పీకర్ కొనండి. అది ఆ తర్వాత కూడా ఇంట్లో పనికొస్తుంది.

స్పీకర్ని బ్లూటూత్‌తో కలపకండి. సెకనులో అయిదో వంతు ఆలస్యమైనా పెదాలు ఒకటంటే మాట ఇంకొకటి వినిపిస్తుంది. ప్రొజెక్టర్‌కి ఉండే ఆడియో అవుట్ రంధ్రం నుంచి స్పీకర్‌కి ఆక్స్ కేబుల్ వేయండి. స్పీకర్ పిల్లల వెనక కాదు, తెర పక్కన, కూర్చున్న పిల్లల చెవుల ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్లలో ఉండే చక్రాల స్పీకర్ అయితే బేస్ బాగా తగ్గించండి. బేస్ ఎక్కువైతే మాట ముద్దైపోతుంది, ఆ దడదడ కింది వాటాల వాళ్లకి ముందు చేరుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మీకు ఆ ఇబ్బంది రాదు. నవంబరు మధ్యలో విశాఖలో 5.20 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది, హైదరాబాద్ కన్నా సుమారు 20 నిమిషాల ముందు. 6 గంటలకి చీకటి. గంటన్నర సినిమా అయితే 8 లోపే పిల్లల్ని ఇళ్లకి పంపేయొచ్చు.

ప్రొజెక్టర్ని పిల్లల వెనక, వాళ్ల తలలకన్నా ఎత్తులో, కదలని బల్ల మీద పెట్టండి. లెన్స్‌లోకి దగ్గరగా తొంగిచూస్తే కంటికి ప్రమాదం. ఈ ఒక్క మాట పిల్లలందరికీ మొదటే గట్టిగా చెప్పండి. వైర్లు నేలకి టేపుతో అతికించండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు నేలమీద కాకుండా స్టూలు మీద ఉంచండి. నవంబరంటే మనకి అల్పపీడనాల కాలం కూడా. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ రెండు రోజుల ముందు నుంచీ చూస్తూ ఉండండి. వాన మాట వినబడితే హాల్లో టీవీ ముందు చాపలు పరవడమే. పిల్లలకి అదీ సంబరమే.

ముందు రోజు సాయంత్రం అదే వేళకి, అదే చోట, అదే సినిమా పది నిమిషాలు నడిపి చూడండి. వీధి దీపం తెర మీద పడుతోందన్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో ఓటీటీ సినిమా పెట్టి స్క్రీన్ మిర్రరింగ్ చేస్తే టీవీలో మాటలు వస్తున్నాయి గానీ బొమ్మ నల్లగా ఉంటోంది. మా పాప పుట్టినరోజుకి ఇదే పద్ధతిలో చూపిద్దామనుకున్నాం. ఫోన్ పాడైందా? – గాజువాక

జవాబు: ఫోన్ బాగానే ఉంది. కాపీ కొట్టకుండా ఉండాలని ఓటీటీ యాప్‌లు బొమ్మకి తాళం వేస్తాయి. మిర్రరింగ్ అంటే మీ ఫోన్ తెరని ఉన్నదున్నట్టు పంపడం కాబట్టి యాప్ దాన్ని నలుపు చేస్తుంది. టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ (ఓటీటీ యాప్‌లు నడిపే చిన్న పరికరం) పెట్టి, సినిమా యాప్‌ని అందులోనే తెరవండి. ప్రొజెక్టర్ అయినా ఇదే దారి. స్టిక్‌కి కరెంటు దాని అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తే మధ్యలో రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేటట్టయితే ఒక లెక్క గుర్తుంచుకోండి. హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా అవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. రోజుకి 2 జీబీ ప్లాన్ అయితే కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోతుంది. ఆ సాయంత్రానికి డేటా ప్యాక్ వేయించుకోండి, లేదా క్వాలిటీ ఒక మెట్టు దించండి.

‘ఫ్రీగా దొరుకుతుంది’ అంటూ టెలిగ్రామ్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ బయట దొరికే యాప్‌లు) మాత్రం వేసుకోవద్దు. అవి ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడిగి ఓటీపీలు లాగేస్తాయి. ఇప్పటికే వేసుకుని ఖాతాలో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అద్దె స్టిక్‌లోనో, అద్దె ప్రొజెక్టర్‌లోనో లాగిన్ అయితే, తిరిగి ఇచ్చే ముందు సైన్ అవుట్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టండి.

ప్రశ్న: పిల్లలకి ఏ సినిమా పెట్టొచ్చో ఎలా తెలుస్తుంది? – సీతమ్మధార

జవాబు: ఓటీటీలో సినిమా మొదలయ్యేటప్పుడు ఒక మూల యు, యు/ఏ 7+, యు/ఏ 13+ అని పడుతుంది. 2021 ఐటీ నిబంధనలతో వచ్చిన గుర్తులివి. ఏడెనిమిదేళ్ల పిల్లలకి మొదటి రెండింటిలోనే వెతకండి. వచ్చేవాళ్లు మీ పిల్లలొక్కరే కాదు కాబట్టి సినిమా పేరు ముందుగానే మిగతా తల్లులకి వాట్సాప్‌లో చెప్పండి. కిడ్స్ ప్రొఫైల్‌లో తెరిచి, తెలుగు ఆడియో ఉందో లేదో చూసుకుని, ఆటోప్లే ఆపేయండి.

ప్రశ్న: కరెంటు పోతే మా 900 వీఏ ఇన్వర్టర్ మీద ప్రొజెక్టర్, పిజ్జాలకి ఓటీజీ (కరెంటు ఒవెన్) రెండూ నడుస్తాయా? – మధురవాడ

జవాబు: ప్రొజెక్టర్ నడుస్తుంది, ఓటీజీ నడవదు. 900 వీఏ ఇన్వర్టర్ సుమారు 700 వాట్లు మోస్తుంది. ప్రొజెక్టర్‌కి 300 వాట్ల లోపు, రౌటర్‌కీ స్టిక్‌కీ కలిపి పాతిక వాట్లలోపు సరిపోతాయి. ఓటీజీ ఒక్కటే 1500 నుంచి 2000 వాట్లు తాగుతుంది. దాన్ని 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటే ఆ రోజుకి అటు వేయండి. లేకపోతే కరెంటు పోయిన ఆ ఒక్క క్షణంలో ప్రొజెక్టర్ ఆరిపోతుంది, దీపం చల్లారితే గానీ మళ్లీ వెలగదు. సరఫరా ఎంతకీ రాకపోతే మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ నంబరు 1912.

పిజ్జాలు ఇంట్లో చేసేటట్టయితే బేస్‌లు మధ్యాహ్నమే సగం కాల్చి పెట్టుకోండి. సాయంత్రం చీజ్ పరిచి వేడి చేస్తే చాలు. తెప్పించేటట్టయితే చిన్నవి ఎక్కువ తెప్పించకండి. 7 అంగుళాలవి రెండు కలిపితే 10 అంగుళాలది ఒక్కటవుతుంది, ధర చూసి ఏది లాభమో తేల్చుకోండి. యాప్‌లో మ్యాప్ పిన్‌ని సరిగ్గా మీ గేటు మీదే పెట్టండి. టైము సినిమా మొదలవడానికి అరగంట ముందుకి ఇవ్వండి. చీకట్లో, నూనె చేతులతో, వైర్ల మధ్య పన్నెండు మందికి పిజ్జా పంచడం కష్టం. తినేసి, చేతులు కడుక్కుని కూర్చుంటే సినిమా మీద ధ్యాస ఉంటుంది.